పెడలులో నిలవని కుడికాలు

ఆ బూట్లు వేసుకుని నడిస్తే నేను వస్తున్నానని వీధి చివరిదాకా తెలిసేది. అడుగున ఉన్న ఇనుప ముక్కలు మా వీధి బండల మీద టక్కుటక్కుమనేవి. క్లాసులో హాజరు పలకడానికే గొంతు పెగలని దాన్ని నేను. నలుగురు కూర్చున్న గదిలోకి పోవాలంటే గోడ పక్కగా పోయేదాన్ని. అలాంటిది ఆ చప్పుడు చేసుకుంటూ కాలేజీ వరండాలో నడవడం ఎంత కష్టమో, లోపల్లోపల ఎంత సంబరమో డైరీకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

రెండు వేల సంవత్సరం దాటిన తర్వాతి రోజులవి. నంద్యాలలో డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాను. మా అక్కను గుంతకల్లులో రైల్వే ఉద్యోగికి ఇచ్చారు. బావ పెళ్ళికి ముందు రైల్వే జట్టులో సైకిలు పందేలు తొక్కినవాడు. మోకాలి నొప్పితో అవి మానేశాక తన రేసు సైకిలును, దాని పెడళ్ళను, బూట్లను తెచ్చి నాకిచ్చాడు. బావ పాదాలు చిన్నవి. మొగోడికి ఆడపిల్ల కాళ్ళు అని అక్క ఎప్పుడూ ఎగతాళి చేసేది. రెండు జతల మేజోళ్ళు వేసుకుంటే ఆ బూట్లు నాకు సరిపోయాయి.

వాటి పని ఇలా ఉంటుంది. బూటు అడుగున, ముందు పాదం కింద, బొటనవేలంత ఇనుప ముక్క రెండు బోల్టులతో బిగించి ఉంటుంది. బావ దాన్ని క్లీట్ అనేవాడు. మా జేజి, అంటే నాయనకు అమ్మ, ఎద్దు గిట్టలకు కొట్టేదాని మాదిరి ఉందని దాన్ని నాడా అనేది. దాన్ని పెడలు మీద ఆనించి తొక్కితే పెడలులోని స్ప్రింగు గట్టిగా పట్టుకుంటుంది. ఇక కాలు కిందికి తొక్కడమే కాదు, పైకి లాగినా సైకిలు ముందుకు పోతుంది. విడిపించుకోవాలంటే మడమను బయటికి తిప్పాలి. తిప్పితే వదులుతుంది. తిప్పడం మరిచిపోతే మనిషీ సైకిలూ కలిసి పడాల్సిందే.

గోస్పాడు రోడ్డులో మొదటిసారి రెండు కాళ్ళూ తగిలించుకుని పోయిన పొద్దున, పత్తి చేలో మందు కొడుతున్నవాళ్ళు పని ఆపి చూశారు. తలెత్తి వాళ్ళను చూసే తీరిక నాకు లేదు. పైకి లాగుతున్న కాలు కూడా పని చేస్తున్నదని తొడలో తెలుస్తుంటే నవ్వు ఆగలేదు. అటువంటి వేగం అంతకు ముందు నాకు పుస్తకాల్లోనే తెలుసు. కథ మంచి పట్టు మీద ఉన్నప్పుడు పేజీలు వాటంతటవే తిరిగినట్టుండేది.

క్లాసులో నా పక్కన కూర్చునే స్నేహితురాలు మాత్రం ఊరుకునేది కాదు.

"ఏమ్మే, మీ ఇంట్లో నీకు నాడాలు కొట్టించినారా ఏంది?" అనేది.

నేను నవ్వి ఊరుకుంటే, "సంతకు తోలకపోయేటప్పుడు చెప్పు. ఆడ పండ్లు గూడా సూస్తారంట, బాగ తోముకోని పో" అనేది.

అదే స్నేహితురాలు ఒకరోజు పరుగెత్తుకుంటూ వచ్చి, కాలేజీలో ఆటలు చూసే పీడీ మేడమ్ నోటీసు బోర్డులో పెట్టిన సంగతి చెప్పింది. దసరా సెలవులు అయ్యాక చుట్టుపక్కల కాలేజీల అమ్మాయిలకు సైకిలు పందెం. నంద్యాలలో మొదలు, ఆళ్ళగడ్డలో ముగింపు. ముందు వచ్చిన నలుగురిని అనంతపురంలో జరిగే యూనివర్సిటీ పోటీలకు తీసుకుపోతారు. ఆ నలుగురిలో ఉండాలని నాకు ఎంత బలంగా అనిపించిందంటే, ఆ పూట మేడమ్ గది తలుపు దగ్గరికి నా అంతట నేను పోయి పేరు చెప్పాను. మేడమ్ రెండుసార్లు అడిగింది, వినపడలేదని.

ఇంట్లో చెప్తే నాయన "సూద్దాం" అన్నాడు. మా నాయన నోట సూద్దాం అంటే సగం ఒప్పుకున్నట్టు.

ఆ తర్వాత దసరా వచ్చింది. ఆయుధ పూజనాడు మా ఇంట్లో ఇనుప వస్తువన్నది ఏదీ వదలరు. ట్రాక్టరు, నాగలి కర్రు, పార, కొడవళ్ళు, జేజి వక్కలు కత్తిరించే అడకత్తెర, అమ్మ కత్తిపీట, అన్నీ కడిగి విభూతి, పసుపు, కుంకుమ పెడతారు. ఆ ఏడు నా సైకిలునూ ట్రాక్టరు పక్కన నిలబెట్టాం. జేజి దాని చుట్టూ తిరిగి చూసి, "దీని నాడాలు యాడ?" అంది.

"బూట్లకుండాయి జేజీ, వాకిట్లో."

"తే మరి. సైకిలుకు బొట్టు పెట్టి, దాన్ని పట్టుకునేదానికి పెట్టకపోతే ఎట్ల?"

నాయనకు చిరాకేసింది. "చెప్పులకు పూజ సేస్తారామ్మా యాడన్నా? దేవుని ముందర బూట్లు పెడ్తావా?"

"చెప్పు చెప్పే, ఇనుము ఇనుమే" అంది జేజి. "ఇనుం తీసి పెట్టు. చెప్పును బయటనే ఉండనీ. అంత తెలివి ల్యాకపోతే సేద్యం ఎట్ల చేస్తాండావ్ రా నువ్వు?"

నాయన నవ్వేశాడు. నేను బావ ఇచ్చిన ఎల్ ఆకారపు పానాతో బోల్టులు విప్పి, రెండు క్లీట్లూ ఊడదీసి జేజి పట్టిన ఇత్తడి పళ్ళెంలో వేశాను. జేజి వాటిని పసుపు నీళ్ళలో కడిగి, కొడవళ్ళ పక్కన పీట మీద పెట్టి బొట్లు పెట్టింది. మరుసటి రోజు పొద్దున నేను వాటిని మళ్ళీ బూట్లకు బిగించుకున్నాను. బోల్టులు ఇక తిరగనంత గట్టిగా బిగించాను. అమ్మవారి ముందు పెట్టిన ఇనుము కదా, ఇంకా బాగా పట్టుకుంటుందని కూడా అనుకున్నాను.

ఆ రోజు నుంచే కుడికాలు పెడలులో నిలవడం మానేసింది.

కూర్చుని మెల్లగా తొక్కితే బాగానే ఉండేది. లేచి నిలబడి బలంగా లాగితే పాదం అటూ ఇటూ ఊగేది. ఒక్కోసారి మధ్యలో టపీమని ఊడి వచ్చేది. ఊడిన కాలు గాలిలో ఉండగా పెడలు తిరిగి వచ్చి పిక్కకు కొట్టేది. స్ప్రింగు వదులైందనుకున్నాను. పెడలు వెనక దాన్ని బిగించే చిన్న మర ఉంటుంది. దాన్ని తిప్పి గట్టి చేశాను. ఊడటం తగ్గింది. తెలివిగా బాగుచేసుకున్నానని పొంగిపోయి, ఆ సాయంత్రమే ఊళ్ళోకి తొక్కుకుంటూ పోయాను.

బస్టాండు ముందర ఎద్దులబండి ఒకటి అడ్డం వచ్చింది. బ్రేకు వేసి, కుడి మడమను బయటికి తిప్పాను. బూటు తిరిగింది. దాని కింద క్లీట్ తిరగలేదు. అది పెడలులో అలాగే ఇరుక్కుని ఉంది. ఇంకా తిప్పాను. బూటు ఇంకా తిరిగింది. నిలబెట్టిన మంచం ఒరిగినట్టు, సైకిలుతో సహా, మెల్లగా, అందరూ చూస్తుండగా కుడివైపు పడిపోయాను.

టీ హోటలు ముందున్నవాళ్ళు లేచారు.

"పాప కాలు సైకిలుకు కట్టేసుండాది సూడప్పా" అన్నాడొకాయన.

"ఎవరు కట్టినారు?" అన్నాడు ఇంకొకాయన.

"ఎవరో ఏంది, ఆయమ్మే కట్టుకోనుంటాది. బూటు సూడు ఎట్లుండాదో."

అంతలో జనాన్ని తోసుకుని వచ్చినవాడు మా నాయన. ఎరువుల అంగటి దగ్గర ఉన్నాడట. కాలు లాగి చూశాడు, రాలేదు. చివరికి బూటు పట్టీలు విప్పి నా పాదాన్ని బయటికి తీశాడు. బూటు మాత్రం పెడలుకు వేలాడుతూనే ఉంది. ఒక బూటుతో, ఒక ఉత్త మేజోడుతో ఇంటిదాకా నడిచాను. నాయన పక్కన సైకిలు తోసుకుంటూ వచ్చాడు. పెడలుకు వేలాడే బూటు ఆయన కాలికి తగులుతూనే ఉంది.

ఇంటికి వచ్చాక నాయన అన్నాడు. "ఆళ్ళగడ్డ రోడ్డు లారీలు తిరిగే రోడ్డు. ఎద్దులబండి ముందర పడినట్ల లారీ ముందర పడితే ఏం గతి? పందెంనాడు నేనూ ఆళ్ళగడ్డకొస్తా. పడకుండా వచ్చినావంటే అనంతపురం సంగతి మాట్లాడుదాం. పడినావంటే సైకిలు గుంతకల్లుకు పోతాది. అంతే."

అప్పటికి మా ఇంట్లో సెల్‌ఫోన్ ఒకటే, నాయన జేబులో ఉండేది. ఆయన స్నానానికి పోతుంటే అడిగి తీసుకుని బావకు ఫోన్ చేశాను. అంతా విని బావ మొదట నవ్వాడు. తర్వాత, "స్ప్రింగు ఎందుకు బిగించినావ్ పాపా?" అన్నాడు. "బూటు కింద కదిలే దాన్ని వదిలేసి, పైన పట్టుకునే దాన్ని బిగిస్తే పడకేం జేస్తావ్. బోల్టులు సూసినావా?"

"గట్టిగా ఉండాయి బావా. తిరగనే తిరగవు."

"గట్టిగుంటే కదలదే. నాకు డ్యూటీ ఉండాది, పందెం లోపల రాలేను. నువ్వే సూసుకో. ఊరికే బిగించొద్దు, ముందు సూడు" అన్నాడు.

ముందు చూడు. ఆ మాట నాకెంతో నచ్చింది. అద్దె పుస్తకాల అంగడి నుంచి తెచ్చుకుని పాఠ్యపుస్తకాల మధ్య దాచి చదివే డిటెక్టివ్ నవలల్లో ఇదే కదా జరిగేది. అందరినీ అనుమానించి, ఒక్కొక్కరినే వదిలేసుకుంటూ పోవాలి. మరునాడు మధ్యాహ్నం పెరట్లో బట్టలుతికే బండ మీద కూర్చుని మొదలుపెట్టాను.

ముందు పెడలు. ఎడమ బూటును చేత్తో పట్టుకుని కుడి పెడలులో తగిలించాను. గుంజితే ఊగలేదు. మడమ తిప్పినట్టు తిప్పితే చక్కగా వదిలింది. అంటే పెడలు తప్పు చేయలేదు. కుడి బూటును ఎడమ పెడలులో తగిలించాను. ఊగింది. తిప్పితే బూటే తిరిగింది. దొంగ బూటులోనే ఉన్నాడు. పెరట్లో ఎవరూ లేరు కాబట్టి గట్టిగా "ఆ" అన్నాను.

తర్వాత రెండు బూట్లనూ బోర్లా పెట్టి చూశాను. ఎడమ దాని అడుగున క్లీట్ చుట్టూ నున్నగా ఉంది. కుడి దాని అడుగున మాత్రం క్లీట్ అటూ ఇటూ జరిగి గీసిన గీతలు అర్ధచంద్రాకారంలో ఉన్నాయి. బోల్టులను మళ్ళీ తిప్పి చూశాను. రాయిలా ఉన్నాయి. బోల్టు బిగువుగా ఉంది, అది పట్టుకోవాల్సింది వదులుగా ఉంది. ఇదెలా కుదురుతుంది? రెండు బూట్లనూ ఎండలోకి తిప్పి బోల్టు తలలను పక్కపక్కన పెట్టి చూశాను. ఎడమవైపు తలలు కొంచెం పైకి ఉన్నాయి. కుడివైపువి లోతుకు దిగిపోయి ఉన్నాయి. ఎడమవైపు తలల కింద సన్నటి ఇనుప బిళ్ళ ఒకటి మెరుస్తోంది. కుడివైపు అది లేదు.

అప్పుడు అర్థమైంది. రెండు బోల్టులూ ఆ బిళ్ళలోంచి పోయి, దాన్ని అదిమి, అది క్లీట్‌ను అదిమి పట్టాలి. బిళ్ళ లేకపోవడంతో బోల్టులు ఇంకా లోపలికి దిగి, బూటు లోపల అడుగుకు తగిలి ఆగిపోయాయి. నా చేతికి బిగుసుకున్నట్టే అనిపించింది. క్లీట్ మాత్రం మధ్యలో వదులుగా మిగిలిపోయింది. ఆయుధ పూజకు విప్పినప్పుడు ఎడమ బిళ్ళ పసుపు తడికి క్లీట్‌కు అంటుకునే ఉన్నట్టుంది. కుడి బిళ్ళ విడిపోయి ఉంటుంది. బిగించేటప్పుడు నేను చూసుకోలేదు.

తెలిసిపోయిందన్న సంతోషం ఎక్కువసేపు నిలవలేదు. బిళ్ళ ఎక్కడ? పూజ పూలను మా ఇంట్లో చెత్తలో వేయరు, తొక్కుతారని పెరట్లో జామచెట్టు మొదట్లో పోస్తారు. ఆ ఎండిన బంతిపూలన్నీ వేళ్ళతో గెలికాను. ఇత్తడి పళ్ళెం తిప్పి చూశాను. పీట కింద చూశాను. ట్రాక్టరు మీద, కొడవళ్ళ పిడుల కింద చూశాను. ఎక్కడా లేదు. నంద్యాలలో ఏ అంగట్లోనూ అటువంటిది దొరకదు. పందెం ఇంకెంతో దూరంలో లేదు.

ఏడుపు ముఖంతో వసారాలోకి వచ్చి జేజి పక్కన కూలబడ్డాను. జేజి వక్కాకు సంచి విప్పుతోంది. తమలపాకులు, వక్కలు, సున్నం డబ్బీ పెట్టుకునే గుడ్డ సంచి అది. దాని మూత మీద ఎప్పుడూ ఒక పిన్నీసు ఉండేది. ఆ రోజు పిన్నీసు లేదు. దాని స్థానంలో, ఎర్రదారంతో నాలుగు పోగులు వేసి గట్టిగా కుట్టిన, రెండు బొక్కల పొడవాటి ఇనుప గుండీ ఉంది.

"జేజీ, ఇది యాడిది?"

"ఏదీ? ఈ గుండీనా? పూజనాడు పళ్ళెం అడుగున దొరికింది. మీ నాయన చొక్కాదేమో అనుకొన్యా. అన్ని చొక్కాలకూ గుండీలుండాయి. ఊరికే పారేస్తారా, గట్టి గుండీ. రెండు బొక్కలు గూడా ఎంత బాగుండాయో సూడు."

సంచిని లాక్కుని, తలను దానికి ఆనించి నవ్వాను. జేజికి భయమేసింది. "ఏందిమ్మే, ఏమైంది నీకు, ఎండకు తిరిగినావా?"

"జేజీ, ఇది గుండీ కాదు. నా నాడా పట్టుకునేది ఇదే. ఇది ల్యాకనే నేను పడింది."

జేజి ఆ గుండీని వేలితో తడిమింది. "అట్లయితే తీస్కో" అంది. మళ్ళీ వెంటనే సంచిని తన వైపు లాక్కుని, "మరి నా సంచికి?" అంది.

ఇస్కూలుకు పోయేటప్పటి నా పాత పావడా గుండీ ఒకటి తెచ్చి కుట్టేదాకా జేజి దారం తెంపనివ్వలేదు. కుట్టాక కూడా లాగి చూసి, "ఇది ఆ గుండీ అంత గట్టిగా ల్యా" అంది.

ఆ సాయంత్రమే బిళ్ళను తుడిచి, బోల్టు మరలకు ఒక్కో చుక్క నూనె వేసి, బావ కాలంలో క్లీట్ ఉన్న చోట మిగిలిన పాత అచ్చులో సరిగ్గా కూర్చోబెట్టాను. ఒక బోల్టు కొంచెం, ఇంకో బోల్టు కొంచెం, మార్చి మార్చి బిగించాను. ఈసారి క్లీట్ బూటులో భాగమైపోయినట్టు కూర్చుంది. పెడలు వెనక నేను తెలివితక్కువగా బిగించిన స్ప్రింగు మరను వెనక్కి తిప్పాను. ఎడమవైపు ఎంత ఉందో అంతకే. తర్వాత గోడను పట్టుకుని సైకిలు మీద కూర్చుని, తగిలించడం, తిప్పడం, తగిలించడం, తిప్పడం. ఊగలేదు. ప్రతిసారీ వదిలింది.

"ఏందిమ్మే ఆ టక్కుటక్కు, బల్లి మాదిరి" అంది జేజి వసారాలోంచి. "మంచి మాట అనుకునేటప్పుడు పలికితే శకునమన్నా అయ్యుండు."

పందెంనాడు పొద్దున్నే నాయన మొదటి బస్సుకు ఆళ్ళగడ్డ పోయాడు. అక్కడ మా మేనత్త ఇల్లుంది. ఊరి మొదట్లో, ముగింపు గీత దగ్గర నిలబడతానని చెప్పాడు. బయలుదేరేటప్పుడు నా బూట్ల వైపు ఒకసారి చూశాడు.

బయలుదేరిన చోట చాలామంది అమ్మాయిలు ఉన్నారు. ఎక్కువమంది గుడ్డ బూట్లు, మామూలు సైకిళ్ళు. రేసు సైకిళ్ళు కొన్నే ఉన్నాయి. నా స్నేహితురాలు పందెంలో లేదు గానీ చూడటానికి వచ్చింది. "పండ్లు తోముకున్యావా?" అని అడిగింది. భయంతో బిగుసుకుపోయిన నేను ఆ మాటకు నవ్వేశాను. అంతలో మేడమ్ ఈల ఊదింది.

ఊరు దాటేసరికి ముందు గుంపులో ఏడెనిమిది మందిమి మిగిలాం. రెండు వైపులా నల్లరేగడి చేలు, పత్తి విచ్చుకుని ఉంది. రోడ్డుకు ఒకవైపు రైతులు మొక్కజొన్న ఆరబోశారు. దాని మీద చక్రం పోతే జారుతుందని అందరం ఒకే వరసలో పోయాం. నా కళ్ళు రోడ్డు మీద, మనసంతా కుడిపాదంలో ఉంది. లాగినప్పుడు నిలుస్తోంది. ఇంకా గట్టిగా లాగాను. నిలిచింది. ఇక భయపడటం మరిచిపోయాను. ఆరో దాన్ని ఐదో దాన్నయ్యాను.

శిరివెళ్ల దాటిన కాసేపటికి రోడ్డుకు అడ్డంగా గొర్రెల మంద వచ్చింది. ఎదురుగా లారీ ఆగి ఉంది. పక్కకు తప్పుకునే దారి లేదు. ముందున్నవాళ్ళు బ్రేకు వేశారు. నేనూ వేశాను. సైకిలు నిలబడిపోయే ఆ ఒక్క క్షణం బస్టాండు కళ్ళ ముందుకు వచ్చింది. మడమ తిప్పాను. టక్‌మని వదిలింది. కాలు నేల మీద ఆనింది. నిలబడ్డాను.

"జల్దీ తోలప్పా, పందెం ఇది" అని ఒకమ్మాయి గొర్రెల కాపరి మీద అరిచింది.

"ఉండమ్మా" అన్నాడాయన, కర్ర భుజం మీద వేసుకుని. "పందెం మీది. గొర్రెలకు తెల్దు గదా."

చివరి గొర్రె దాటీ దాటకముందే నేను ఎడమ పెడలును తొక్కి, కుడికాలు తగిలించి లేచాను. ఆగిన చోటు నుంచి వేగం అందుకోవడంలోనే ఈ బూట్ల గొప్పంతా ఉంది. మిగిలినవాళ్ళ కాళ్ళు పెడళ్ళ మీద జారుతుంటే, నేను తొక్కుతూ, లాగుతూ, తొక్కుతూ, లాగుతూ ఇద్దరిని దాటేశాను. గొంతు ఎండిపోయింది. నోట్లో దుమ్ము. అంత సంతోషం మళ్ళీ ఎప్పుడు కలిగిందో ఆలోచించి చెప్పాలి.

ఆళ్ళగడ్డ మొదట్లో రోడ్డు మీద సున్నంతో గీసిన గీతను మూడో దాన్నిగా దాటాను. నాయన గీతకు అవతల నిలబడి ఉన్నాడు. నా ముఖం వైపు చూడటం లేదు, ఎన్నో దాన్నో లెక్కపెట్టుకోవడం లేదు. నా కాళ్ళ వైపే చూస్తున్నాడు. నేరుగా ఆయన ముందుకే తొక్కుకుంటూ పోయి, బ్రేకు వేసి, కుడి మడమ తిప్పాను. కాలు దించాను. ఎడమది తిప్పి, అదీ దించాను.

ఆయన ఊపిరి వదిలిన చప్పుడు నాకు వినిపించింది.

వెనకనే జీపులో వచ్చిన మేడమ్‌ను చూసి నాయన అడిగిన మొదటి మాట, "అనంతపురానికి ఆడపిల్లలెంట ఎవరు పోతారు మేడమ్?" అని.

"నేనే పోతానండి."

"సరే అయితే" అన్నాడు. అంతే. అనంతపురం సంగతి మాట్లాడటం అయిపోయింది.

మేనత్త ఇంట్లో అన్నం తిన్నాక నాయన తువ్వాలు దులుపుకుని లేచి, "సైకిలు బస్సు పైన ఏపిస్తా, పా" అన్నాడు.

"నేను తొక్కుకుంటా వస్తా నాయనా" అన్నాను. ఆయన మాటకు కాదని నేను చెప్పిన మొదటి మాట అదే. గొంతు వణకలేదు.

నాయన మేనత్త వైపు చూశాడు. మేనత్త నా బూట్ల వైపు చూసింది. "పోనీలేప్పా" అంది. "కాళ్ళు తగిలించుకోనుంటాది, యాడికి పోతాది?"

శిరివెళ్ల దగ్గర ఆగి, మళ్ళీ మెల్లగా కదులుతూ బస్సు నన్ను అందుకుంది. కిటికీలోంచి నాయన తల బయటికి పెట్టి, పక్కకు పో అన్నట్టు చెయ్యి ఊపాడు. పక్కకు జరిగాను గానీ వెనకబడలేదు. లేచి నిలబడి, రెండు కాళ్ళతో తొక్కుతూ లాగుతూ, బస్సు వేగం అందుకునేదాకా దాని కిటికీ పక్కనే పోయాను.